బంగారు నాణెం మీద కార్డు గీకే ముందు

రాజపాళయం పక్కనున్న సత్రపట్టిలో మరమగ్గాలు నేసే బ్యాండేజీ గుడ్డ దేశంలోని ఎన్నో ఆసుపత్రులకు చేరుతుంది. ఖర్చులు పోగా మిగిలిన డబ్బును బంగారం చేసి దాచుకోవడం ఈ ప్రాంతంలో తమిళం మాట్లాడే ఇళ్లలోనూ, తెలుగు మాట్లాడే రాజుల ఇళ్లలోనూ ఉన్న అలవాటే. అక్షయ తృతీయకో, ఆడపిల్ల పెళ్లికో ఒక పవును, అంటే 8 గ్రాముల నాణెం కొంటారు. ఒకప్పుడు నోట్ల కట్టతో జరిగిన ఈ కొనుగోలు ఇప్పుడు చాలాచోట్ల క్రెడిట్ కార్డుతో జరుగుతోంది. చీరకు, ఫ్రిజ్‌కు చెల్లినట్టే నాణేనికీ కార్డు చెల్లుతుందనుకుంటాం. కార్డు ఇచ్చిన బ్యాంకు మాత్రం అలా అనుకోదు.

కారణం తేలికైనదే. ఫ్రిజ్ కొన్న మర్నాడే అమ్మితే సగం ధర వస్తే గొప్ప. నాణెం అలా కాదు, ఏ ఊళ్లోనైనా గంటలో నగదు అవుతుంది. అందుకే కార్డు దొంగిలించినవాడు ముందు చూసేది బంగారం వైపే. బ్యాంకు దృష్టిలో నాణెం సరుకు కన్నా డబ్బుకు దగ్గర.

అమెరికా అనుభవం ఇందుకు మంచి ఉదాహరణ. ఒక డాలరు నాణేలను జనంలోకి తేవాలని అక్కడి ప్రభుత్వ టంకశాల వాటిని ముఖ విలువకే, రవాణా ఖర్చు లేకుండా ఇంటికి పంపింది. అవి బంగారువి కావు, మామూలు లోహానివే. కొందరు వాటిని కార్డు మీద పెద్ద మొత్తాల్లో తెప్పించి, నేరుగా బ్యాంకులో జమ చేసి, ఆ డబ్బుతోనే కార్డు బిల్లు కట్టేశారు. వాళ్లకు మిగిలింది విమాన ప్రయాణాల రివార్డు పాయింట్లు. చివరికి 2011 జూలైలో టంకశాల ఆ నాణేలకు కార్డు చెల్లింపులను ఆపేసింది. నగదుతో సమానమైన వస్తువులకు పాయింట్లు ఇవ్వబోమని కార్డు నిబంధనల్లో రాయడం వెనుక ఉన్నది ఇలాంటి భయమే.

ఇంతకీ మనం కొన్నది నాణెమో గాజులో బ్యాంకుకు ఎలా తెలుస్తుంది? సాధారణంగా తెలియదు. దానికి కనిపించేవి సొమ్ము, దుకాణం పేరు, ఆ దుకాణానికి కేటాయించిన నాలుగంకెల కోడ్. నగల దుకాణం కోడ్ 5944. విదేశీ కరెన్సీ, మనీ ఆర్డర్ల వంటివి అమ్మేవారి కోడ్ 6051. మొదటి కోడ్ కింద పడితే మామూలు కొనుగోలు. కాకపోతే పాయింట్లు రాకపోవచ్చు, వచ్చినా వాటికి పరిమితి ఉండవచ్చు. రెండో కోడ్ కింద పడితే, ఆ కార్డు నిబంధనలను బట్టి, ఏటీఎంలో నగదు తీసుకున్నట్టే లెక్క కట్టవచ్చు.

ఆ తేడా ఎంతో చూడండి. లక్ష రూపాయల నాణెం కొన్నామనుకుందాం. నగదు లెక్కలో పడితే 2.5 శాతం రుసుము, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 2,950 రూపాయలు. నెలకు 3.5 శాతం వడ్డీ అనుకుంటే, మొదటి రోజు నుంచే మొదలయ్యే ఆ వడ్డీ నెల తిరిగేసరికి జీఎస్టీతో 4,130. మొత్తం 7,080 రూపాయలు. నాణెం ధర మీద కట్టిన 3 శాతం జీఎస్టీ దీనికి అదనం.

మన రిజర్వ్ బ్యాంకు వైఖరి ఇంకా స్పష్టం. నగలైనా, కడ్డీలైనా, నాణేలైనా బంగారం కొనడానికి బ్యాంకులు అప్పు ఇవ్వకూడదని 2012 నవంబరులోనే ఆదేశించింది. అప్పట్లో బంగారం దిగుమతులు దేశ విదేశీ మారక ద్రవ్యాన్ని హరిస్తున్నాయి. చాలా బ్యాంకులు నేటికీ నగల దుకాణంలో చేసిన ఖర్చును ఈఎంఐగా మార్చవు. నాణేల తాకట్టు మీద ఇచ్చే అప్పుకు కూడా ఒక్కొక్కరికి 50 గ్రాముల పరిమితి ఉంది.

ఈఎంఐ లేదు కదా అని కొందరు బిల్లులో కనీస మొత్తం కట్టి ఊరుకుంటారు. ఇదే అన్నిటికన్నా ప్రమాదం. నెలకు 3.5 శాతమంటే ఏడాదికి 42, జీఎస్టీతో దాదాపు 50 శాతం. ఏటా అంత పెరిగితే తప్ప బంగారం ఆ అప్పును దాటలేదు. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు కూడా సాధారణంగా దక్కదు.

కాబట్టి కొనే ముందు కార్డు నిబంధనల్లో నగదు, బంగారం, రివార్డులు అన్న మూడు చోట్లా చదవండి. కార్డుతో కడితే అదనంగా ఎంత తీసుకుంటారో దుకాణంలో ముందే అడగండి. నగదు లెక్కలో వేశారని తోస్తే బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు. గడువుకు బిల్లు మొత్తం కట్టగలిగే డబ్బు ఇప్పటికే ఖాతాలో ఉంటేనే కార్డు తీయండి. లేకపోతే ఆ నాణెం వచ్చే పండక్కి కొనుక్కోండి. బంగారం మిగులు డబ్బుతో కొనాల్సిన వస్తువు, అప్పుతో కాదు.