గొడ్డలికి పిడి బిగించిన చేతులు

ఒక అన్సారీ పేదవాడు దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) సన్నిధికి వచ్చి సహాయం అర్థించాడు. ఇంట్లో ఏమున్నాయని ఆయన అడిగారు. సగం పరుచుకుని సగం కప్పుకునే ముతక బట్ట ఒకటి, నీళ్లు తాగే గిన్నె ఒకటి ఉన్నాయని అతను చెప్పాడు. వాటిని తెప్పించి, సహచరుల మధ్య దైవప్రవక్త స్వయంగా వేలం వేశారు. ఒకరు ఒక దిర్హమ్ ఇస్తానన్నారు. ఇంకా ఎక్కువ ఇచ్చేవారున్నారా అని ఆయన రెండుమూడుసార్లు అడిగితే, మరొకరు రెండు దిర్హములిచ్చి తీసుకున్నారు. ఒక దిర్హమ్‌తో ఇంటికి తిండిగింజలు, ఇంకో దిర్హమ్‌తో గొడ్డలి కొనమని పురమాయించారు. అతను గొడ్డలి తెచ్చాక ఆయన తమ చేతులతోనే దానికి పిడి బిగించి ఇచ్చి, వెళ్లి కట్టెలు కొట్టి అమ్ముకోమనీ, పదిహేను రోజులదాకా కనిపించవద్దనీ ఆజ్ఞాపించారు. అతను పది దిర్హములు సంపాదించుకుని తిరిగి వచ్చాడు. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఈ సంఘటన అబూ దావూద్, ఇబ్నె మాజా హదీసు గ్రంథాల్లో ఉంది.

యాచన మంచిది కాదని చెప్పడానికి మన ఖతీబు సాహెబులు ఈ హదీసును తరచు వినిపిస్తుంటారు. అది సరే. అయితే ఇందులో వ్యాపార పెట్టుబడి గురించిన పాఠం కూడా ఉంది. సరుకుకు ఎక్కువ ధర రాబట్టడం, మొదట ఇంటి ఆకలి తీర్చి ఆ తరువాతే పనిముట్టు కొనడం, పనిముట్టును పనికి సిద్ధం చేసి ఇవ్వడం, ఇన్ని రోజుల తరువాత వచ్చి కనిపించమని గడువు పెట్టడం, అన్నీ ఇందులోనే ఉన్నాయి. లేనిదల్లా అప్పు ఒక్కటే. ఆ అన్సారీకి అమ్ముకోవడానికి ఒక దుప్పటయినా ఉంది. అదీ లేనివాడి సంగతేమిటి? అతనికి గొడ్డలి ఎక్కడినుంచి వస్తుంది?

మన బస్తీల్లో దీనికి సమాధానం అందరికీ తెలిసిందే. గిరిగిరి ఫైనాన్స్. తోపుడు బండిమీద పళ్లు అమ్మే వ్యక్తికి పదివేల రూపాయల అప్పు అని చెప్పి, ముందే కొంత కోసుకుని ఎనిమిదిన్నర వేలు చేతిలో పెడతారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. పైకి చూస్తే పదిహేను వందలే కదా అనిపిస్తుంది. కానీ అసలు రోజురోజుకూ తిరిగి వెళ్లిపోతూనే ఉంటుంది గనుక, సగటున అతని చేతిలో మిగిలేది నాలుగు వేల పైచిలుకే. ఏడాదికి లెక్కగడితే వడ్డీ నూటికి నూట ఇరవై దాటుతుంది! ఇంత వడ్డీ కట్టి పళ్లమీద లాభం చూడాలంటే ఆ మనిషి ఇంట్లో ఎవరికీ జ్వరం రాకూడదు, ఒక్కరోజు కూడా వాన పడకూడదు.

1976లో బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్ విశ్వవిద్యాలయంలో ఆర్థికశాస్త్రం బోధిస్తున్న ముహమ్మద్ యూనుస్, పక్కనే ఉన్న జోబ్రా గ్రామంలో ఈ లెక్కే చూశారు. వెదురు పీటలు అల్లే ఒక మహిళ వెదురు కోసం వ్యాపారి దగ్గర అప్పు తెచ్చి, అల్లిన పీటను మళ్లీ ఆ వ్యాపారికే అమ్మితే ఆమెకు మిగిలేది అర టాకా. ఊళ్లో అలా చిక్కుకున్న 42 మంది అప్పంతా కలిపి 856 టాకాలు. అప్పటి లెక్కలో 27 డాలర్లకు లోపే. ఆ మొత్తాన్ని ఆయన తన జేబులోనుంచి ఇచ్చారు. 1983లో అది గ్రామీణ్ బ్యాంకు అయింది. 2006లో ఆయనకూ బ్యాంకుకూ కలిపి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఆస్తి తాకట్టు లేకుండా, పేద స్త్రీల మాటనూ తోటి సభ్యుల పూచీనీ నమ్మి అప్పిస్తే తిరిగి వస్తుందని ప్రపంచానికి చూపించిన ఘనత వారిదే. కానీ గ్రామీణ్ బ్యాంకు వడ్డీ తీసుకుంటుంది. షావుకారు వడ్డీతో పోలిస్తే అది తక్కువే. అయినా వడ్డీ వడ్డీయే. మన ధర్మంలో దాని స్థానమేమిటో చదువరులకు వేరే చెప్పనక్కరలేదు.

వడ్డీ మాట పక్కన పెట్టి, కేవలం లోకజ్ఞానంతో చూసినా ఈ బండి ఎటు పోయిందో మన రాష్ట్రం కళ్లారా చూసింది. డ్వాక్రా సంఘాల సంగతి వేరు. అక్కడ మహిళలు ముందు తమ పొదుపు కూడబెట్టి, తరువాత బ్యాంకు అప్పు తీసుకుంటారు. 1990ల తరువాత వాటి పక్కనే ప్రైవేటు సూక్ష్మరుణ సంస్థలు పుట్టుకొచ్చాయి. అయిదుగురు మహిళలను కూర్చోబెట్టి, ఒకరికొకరిని పూచీ పెట్టి, వారం వారం కిస్తీ వసూలు. వడ్డీని ‘ఫ్లాట్’ అని చెప్పేవారు. నూటికి పన్నెండు ఫ్లాట్ అంటే పదివేలకు ఏడాదిలో పదకొండువేల రెండువందలు కట్టాలి. వారం వారం అసలు తగ్గుతూ ఉంటుంది గనుక నిజమైన వడ్డీ దాదాపు ఇరవై నాలుగు. ఆ తల్లికి ఈ లెక్క ఎవరు చెప్పారు?

2006లోనే కృష్ణా జిల్లా అధికారులు ఇలాంటి శాఖలను 50కి పైగా మూసివేయించారు. అయినా విస్తరణ ఆగలేదు. 2010 ఆగస్టులో హైదరాబాదు కేంద్రంగా పనిచేసే ఎస్‌కెఎస్ సంస్థ షేరు ఒక్కొక్కటి 985 రూపాయల చొప్పున స్టాక్ మార్కెట్‌లోకి వచ్చింది. కొనేవారు ఎగబడ్డారు. పేదల కిస్తీలు పెట్టుబడిదారుల లాభాలుగా మారే దారి పడింది. అప్పటికే ఒక్కో ఇంట్లో మూడేసి, నాలుగేసి సంస్థల అప్పులున్నాయి. ఒకదాని కిస్తీ కట్టడానికి ఇంకొకదాని అప్పు. కిస్తీ కట్టలేని ఇల్లాలి గుమ్మం ముందు తోటి సభ్యులే కూర్చుని నిలదీశారు. పూచీ తమ నెత్తిమీద ఉంది మరి! ఇరుగుపొరుగు ప్రేమలు తెగిపోయాయి. అప్పుల ఒత్తిడికి తాళలేక ఆత్మహత్య చేసుకున్నవారి వార్తలు పత్రికల్లో వరుసగా వచ్చాయి. 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. సంస్థలన్నీ నమోదు కావాలి, కిస్తీలు నెలకోసారే తీసుకోవాలి, వడ్డీ అసలును మించకూడదు అని ఆంక్షలు పెట్టింది. దాంతో వసూళ్లు కుప్పకూలాయి. కొత్త అప్పులు నిలిచిపోయాయి. పేదవాడి మెడమీది బరువు కొంత దిగిన మాట నిజమే గానీ, రేపు పొద్దున సరుకు కొనడానికి డబ్బెక్కడిదన్న పాత ప్రశ్న అలాగే మిగిలిపోయింది. గిరిగిరి వాడు మళ్లీ గుమ్మంలోకి వచ్చాడు.

ఇంకొక సంగతి కూడా గమనించదగ్గది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో (2019లో వీరికి అర్థశాస్త్ర నోబెల్ దక్కింది) మరో ఇద్దరితో కలిసి మన హైదరాబాదులోనే 104 బస్తీలను ఎంచుకుని, సగం బస్తీల్లో ముందుగా సూక్ష్మరుణ శాఖలు పెట్టించి, మిగతా సగంతో పోల్చి చూశారు. వీరి పరిశోధన 2015లో అచ్చయింది. అప్పు దొరికిన బస్తీల్లో పాత వ్యాపారాలు కొంత పెరిగాయి. ఇంటికి సామాను కొనుక్కున్నారు, పాన్, పొగాకు, బయటి చాయ్‌ల ఖర్చు తగ్గించుకున్నారు. కానీ పిల్లల చదువులోనూ, ఆరోగ్యంలోనూ, ఇంట్లో స్త్రీ మాటకు దొరికే విలువలోనూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. వ్యాపారంలో లాభం బాగా పెరిగింది అప్పటికే బాగా నడుస్తున్నవారికే. అంటే ఉట్టి డబ్బు చేతిలో పెడితే చాలదన్నమాట. గొడ్డలి ఇవ్వడం వేరు, పిడి బిగించి ఇవ్వడం వేరు.

వడ్డీ లేని దారి కొత్తది కాదు

నిజాం కాలంలోనే హైదరాబాదులో ప్రభుత్వ శాఖల ఉద్యోగులు వడ్డీ లేని పరస్పర సహాయ సంఘాలు పెట్టుకున్నారు. నెలనెలా చందా వేసుకోవడం, అవసరమైనవారికి అప్పివ్వడం, కిస్తీల్లో రాబట్టుకోవడం, ఇదే వాటి పద్ధతి. 1908లో హైదరాబాదులో పుట్టి, ఉస్మానియాలో బోధించి, తరువాత ప్యారిస్‌లో స్థిరపడిన మహా పండితుడు డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా ఈ సంఘాల గురించి 1955లో ఒక యూరపు పత్రికలో వ్యాసం రాశారు. ఇస్లామీ ఆర్థిక ఆచరణకు హైదరాబాదు అందించిన కానుకగా దీనిని ఆయన లోకానికి పరిచయం చేశారు. ఈ సంగతి మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? 1961లో దేవ్‌బంద్‌లో ముస్లిం ఫండ్ ఏర్పడింది. బంగారం కుదువ పెట్టుకుని వడ్డీ లేకుండా అప్పివ్వడం ఈ ఫండ్ల పని. కుదువ పెట్టడానికి నగ ఉన్నవారికి ఇవి వరమే. చెవికి దుద్దులు కూడా లేనివారికి మాత్రం ఇవీ దూరమే.

ఆ దూరాన్ని దాటిన ఉదాహరణ పొరుగు దేశంలో ఉంది. 2001లో లాహోరులో డాక్టర్ అమ్జద్ సాఖిబ్, ఆయన మిత్రులు కలిసి ఒక వితంతువుకు పదివేల రూపాయలు వడ్డీ లేకుండా అప్పిచ్చారు. ఆమె కుట్టుపని చేసుకుని ఆరు నెలల్లో మొత్తం తిరిగి తెచ్చిచ్చింది. అదే డబ్బు మరొకరికి వెళ్లింది. ఆ పనికి వారు ‘అఖువ్వత్’ అని పేరు పెట్టుకున్నారు. సోదరభావం అని అర్థం. మదీనాలో ముహాజిర్లకూ అన్సారులకూ దైవప్రవక్త (సఅసం) కుదిర్చిన సోదర బంధమే దానికి స్ఫూర్తి. ఆ బంధంలో హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇస్తానంటే, హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఆయనను దీవించి, బజారుకు దారి మాత్రం చూపమన్నారు. జున్ను, నెయ్యి అమ్మి తన కాళ్లమీద తాను నిలబడ్డారు. ఇచ్చేవాడి చెయ్యీ, తీసుకునేవాడి ఆత్మగౌరవమూ రెండూ నిలిచాయి.

అఖువ్వత్ వారు అప్పులను మసీదులో అందరి ఎదుట ఇస్తారు. క్రైస్తవ సోదరులకు చర్చీలలో ఇస్తారు. మతభేదం పాటించరు. దేవుని ఇంట్లో పదిమంది చూస్తుండగా తీసుకున్న సొమ్ము గనుక ఎగ్గొట్టడానికి మనసొప్పదు. ఆఫీసు హంగులు లేవు గనుక ఖర్చూ తక్కువే. ఆస్తి తాకట్టు అడగరు, ఎరిగినవారి జమానతు అడుగుతారు. అప్పు తీర్చి నిలదొక్కుకున్నవారిలో చాలామంది తరువాత అదే పెట్టెలో తమ చందా వేస్తారు. 2021లో డాక్టర్ సాఖిబ్‌కు రామన్ మెగసెసె పురస్కారం లభించింది. వడ్డీ లేకపోతే డబ్బు తిరిగి రాదనేవారు ఈ పాతికేళ్ల అనుభవాన్ని కాస్త చూడాలి.

ఇలాంటిది మన మసీదులో పెడదామంటే కమిటీలో మొదట లేచే ప్రశ్న, జకాత్ సొమ్ముతో పెట్టవచ్చునా? హనఫీ మస్లక్ ప్రకారం జకాత్‌ను హక్కుదారునికి సొంతం చేసి ఇవ్వాలి. దానిని ‘తమ్లీక్’ అంటారు. అప్పుగా ఇచ్చి తిరిగి తీసుకుంటే తమ్లీక్ కాదు. కాబట్టి ఖర్జె హసనా నిధికి విరాళాలు వేరుగా సేకరించాలి, రెండు పెట్టెలు కలపకూడదు. జకాత్‌కు వేరే పని ఉంది. నిరుపేదకు కుట్టుమిషనో, తోపుడు బండో సొంతంగా కొనివ్వవచ్చు. అప్పుల్లో కూరుకుపోయినవారు జకాత్ పొందే ఎనిమిది వర్గాల్లో ఒకరన్నది కూడా మరిచిపోరాదు. గిరిగిరి వాడి చేతిలోనుంచి ఒక మనిషిని విడిపించి, ఆ తరువాత ఖర్జె హసనాతో నిలబెట్టడం రెండు పెట్టెలూ చక్కగా పనిచేసే మార్గం. నిర్వహణ ఖర్చుకు రుసుము తీసుకోవచ్చు గానీ అది అయిన ఖర్చు మేరకే ఉండాలి. అప్పు మొత్తాన్ని బట్టి, గడువును బట్టి పెరిగే రుసుము పేరు మార్చుకున్న వడ్డీయే.

రెండో ప్రశ్న నమ్మకం. 2018, 2019 సంవత్సరాల్లో హైదరాబాదులో, బెంగళూరులో హలాల్ లాభాలని చెప్పి డిపాజిట్లు సేకరించిన సంస్థలు చెల్లింపులు ఆపేశాక ఎందరో విధవలు, గల్ఫులో చెమటోడ్చినవారు వీధిన పడ్డారు. అందుకే మసీదు నిధి డిపాజిట్లు తీసుకోకూడదు, లాభం మాట ఎత్తకూడదు. లెక్కలు ప్రతి నెలా జుమా తరువాత గోడకు అంటించాలి.

‘ఉధార్ ముహబ్బత్ కీ ఖైంచీ హై’ అని కిరాణా కొట్లలో రాసి ఉంటుంది. అప్పు ప్రేమకు కత్తెర అట! నిజానికి ప్రేమను కత్తిరించేది రాయని అప్పు. దివ్య ఖుర్ఆన్‌లో అన్నింటికంటే పొడవైన ఆయతు ఏ విషయం గురించి? బఖరా సూరాలోని 282వ ఆయతు అది. అప్పును గడువుతో సహా రాసుకోవడం గురించి, సాక్షుల గురించి. దానికి రెండు ఆయతుల ముందే, అప్పు తీసుకున్నవాడు ఇబ్బందిలో ఉంటే తేరుకునేదాకా గడువివ్వమనీ, వదిలివేస్తే మరింత మేలనీ ఆదేశముంది. పత్రమూ కావాలి, దయా కావాలి.

ఇప్పటికే సూక్ష్మరుణ సంస్థల అప్పులో ఉన్న అక్కచెల్లెళ్లకు ఒక మాట. 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం అన్ని అప్పుల కిస్తీలూ కలిపి ఇంటి నెల ఆదాయంలో సగం దాటకూడదు. నిజమైన సాలీనా వడ్డీ ఎంతో తెలిపే కాగితం సంస్థ మీకివ్వాలి. ఉదయం తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు తరువాత వసూలుకు ఫోను చేయరాదు. సంతకానికి ముందు ఆ కాగితం అడిగి తీసుకోండి. చదవడం రాకపోతే బడికెళ్లే మీ అమ్మాయిచేత చదివించుకోండి.

ఇక నిధి మొదలుపెట్టేవారు ముందుగా తేల్చుకోవలసింది కిస్తీ ఎప్పటినుంచి అన్నది. పళ్ల బండికి రెండోరోజే రాబడి వస్తుంది, వారం తరువాత కట్టించవచ్చు. మగ్గం పని చేసేవారికి షాపువాడు డబ్బు చేతికివ్వడానికి నెల పడుతుంది. గేదె కొంటే అది ఈనాలి, పాలు కేంద్రానికి పోవాలి, బిల్లు రావాలి. అందరికీ ఒకే తేదీ పెడితే గేదె వాడు మొదటి కిస్తీ కోసం గిరిగిరి వాడి దగ్గరికి పోతాడు. సరుకో, పనిముట్టో కొనేరోజు కమిటీలో ఆ పని తెలిసినవారొకరు వెంట వెళ్లాలి. పాత మిషను అంటగట్టే దుకాణదారు మోటారు బాగుందనే చెబుతాడు. విప్పి చూడగలవాడు పక్కన ఉండాలి.