పక్కవాడి పాఠం వింటేనే పరీక్ష గట్టెక్కేది!

అయ్యవారు ప్రశ్న వేస్తారు. ముందు వరుసలో నాలుగైదు చేతులు లేస్తాయి. ఒక్కరికే అవకాశం దక్కుతుంది. మిగిలినవారి ముఖాలు చిన్నబోతాయి. లేచినవాడు తడబడితే లోలోపల సంతోషిస్తారు. వెనుక బెంచీల వారు తమ పేరు రాకూడదని దేవుడికి మొక్కుకుంటారు. ఏ ఊరి బడిలోనైనా కనిపించే దృశ్యమే ఇది. అమెరికాలోని ఒక నగరంలో పిల్లల కొట్లాటలకు మూలం వెతకబోయిన వారికీ ఇదే కనిపించింది.

టెక్సాస్ రాష్ట్రంలోని ఆస్టిన్ నగరంలో అంతవరకు వేరువేరుగా చదువుకుంటున్న తెల్లజాతి, నల్లజాతి, మెక్సికో సంతతి పిల్లలను 1971లో ఒకే తరగతిలో కూర్చోబెట్టారు. పెద్దల మధ్య ఉన్న అనుమానాలు పిల్లలతోపాటు బడిలోకి వచ్చాయి. కొద్ది వారాల్లోనే కొట్లాటలు మొదలయ్యాయి. అధికారులు టెక్సాస్ విశ్వవిద్యాలయంలోని మనస్తత్వ శాస్త్రవేత్త ఇలియట్ ఆరన్సన్‌ను పిలిపించారు. ఆయన, ఆయన విద్యార్థులు తరగతుల్లో కూర్చుని గమనించారు. ఒకరు ఓడితేనే మరొకరు గెలిచేటట్టు పాఠం సాగుతున్నదని, అది ఉన్న పగను మరింత పెంచుతున్నదని గుర్తించారు.

ముక్కలైన పాఠం

పిల్లలను అయిదారుగురు చొప్పున జట్లు చేశారు. ప్రతి జట్టులో అన్ని జాతుల వారూ ఉండేటట్టు చూశారు. పత్రికాధిపతి జోసెఫ్ పులిట్జర్ జీవిత చరిత్రను ఆరు భాగాలు చేసి, ఒక్కొక్కరికి ఒక్కొక్క భాగం మాత్రమే ఇచ్చారు. ఒకే భాగం వచ్చిన వారు ముందుగా ఒకచోట చేరి, కలిసి చదువుకుంటారు. తర్వాత ఎవరి జట్టుకు వారు వెళ్లి తమ భాగాన్ని మిగిలిన వారికి బోధిస్తారు. పరీక్ష మాత్రం మొత్తం పాఠం మీద, ఎవరికి వారికే. కాబట్టి పక్కవాడు చెప్పేది వినకపోతే నష్టం తనకే.

కార్లోస్ నోరు విప్పాడు

మెక్సికో సంతతి కుర్రాడు ఒకడు ఉండేవాడు. ఆరన్సన్ అతని పేరు మార్చి కార్లోస్ అని రాశారు. ఇంగ్లీషు సరిగా రాక అతను తడబడేవాడు. జట్టులోని వారు వెక్కిరించారు. అక్కడే ఉన్న సహాయకురాలు వారిని కోప్పడలేదు. కొద్దిసేపట్లో పరీక్ష ఉందనీ, ఆ భాగం కార్లోస్‌కు తప్ప మరెవరికీ తెలియదనీ గుర్తుచేసింది. వెక్కిరింపులు తగ్గాయి. అతని చేత చెప్పించాలంటే ఎలా అడగాలో పిల్లలే నేర్చుకున్నారు. వారు ఓపికగా అడిగేకొద్దీ కార్లోస్‌కు బెరుకు తగ్గింది. వాడికేమీ రాదనుకున్న వారే అతని తెలివి చూసి స్నేహం చేశారు.

కొన్ని వారాల తర్వాత మామూలు తరగతులతో పోల్చి చూశారు. జట్లలో చదివిన వారికి తోటివారి మీద ఇష్టం, తమ మీద తమకు నమ్మకం పెరిగాయి. నల్లజాతి, మెక్సికో సంతతి పిల్లలకు మార్కులు ఎక్కువ వచ్చాయి. తెల్లజాతి పిల్లల మార్కులు తగ్గలేదు. చదువు వచ్చిన పిల్లలు వెనుకబడతారేమోనన్న భయానికి అదే జవాబు.

ఈ పద్ధతికి కొత్త గదులు, కొత్త పుస్తకాలు అక్కరలేదు. ఉన్న పాఠాన్నే ఆరు కాగితాల మీద రాసి పంచితే చాలు. అయితే వెనుక బెంచీ పిల్లవాడి చేతికీ ఒక కాగితం అందాలి, అతను చెప్పేదాకా మిగిలిన అయిదుగురూ ఆగాలి.