ఫార్మాట్ కొట్టకముందు వేసుకోవాల్సిన లెక్క

2024 జులై 19, శుక్రవారం. క్రౌడ్‌స్ట్రయిక్ అనే సైబర్ భద్రతా సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన అప్‌డేట్‌తో ప్రపంచమంతటా 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర చూపి ఆగిపోయాయి. శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఆ ఆదివారం రాత్రే మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచాయి. అధికారులు చెప్పిన లెక్క ప్రకారం 2,400కు పైగా ఫైళ్లు కాలిపోతే, 700 దాకా దక్కాయి.

శుక్రవారం నాడు కంప్యూటర్లు పడకేశాయి గానీ వాటిలోని ఫైళ్లకు ఏమీ కాలేదు. ఆదివారం ఫైళ్లే పోయాయి. ఈ రెండు ప్రమాదాలకూ మందు వేరువేరు. కానీ చక్రాయపేటలోనైనా, పులివెందులలోనైనా కంప్యూటర్ మొరాయిస్తే రిపేరు షాపులో మొదట వినపడే మాట ఒకటే: "ఫార్మాట్ కొట్టేదా అన్నా?" మనం తలూపుతాం. సి డ్రైవ్ తుడిచిపెట్టుకుపోతుంది. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లు మామూలుగా ఉండేది అందులోనే. కంప్యూటర్ బాగుపడుతుంది, పదేళ్ల ఫైళ్లు పోతాయి.

హార్డ్ డిస్కులు ఎంత తరచుగా చెడిపోతాయి? దాదాపు 3 లక్షల డిస్కులు నడిపే బ్యాక్‌బ్లేజ్ సంస్థ 2024కు ప్రకటించిన రేటు 1.57 శాతం. అవి ఏసీ గదుల్లో, నిలకడైన కరెంటు మీద నడిచేవి. మన ఎండలకూ, దుమ్ముకూ, కరెంటు కోతలకూ ఆ రేటే వర్తిస్తుందని నేననుకోను. అయినా దాన్నే తీసుకుందాం. ఒకే ప్రతి ఉంటే ఏడాదిలో అది పోయే అవకాశం 64లో ఒకటి. రెండు డిస్కుల్లో ఉంటే, ఆ ఏడాదే రెండూ పోయే అవకాశం సుమారు 4,000లో ఒకటి. అయితే ఒక షరతు. రెండూ ఒకే బల్ల మీద, ఒకే ప్లగ్గుబోర్డుకు తగిలించి ఉంటే ఈ గుణకారం చెల్లదు. మంటకు రెండు డిస్కులూ ఒకటే.

అందుకే 3-2-1 అనే పద్ధతి వచ్చింది: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒకటి వేరే చోట. దీన్ని ప్రచారంలోకి తెచ్చింది పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్. ఫొటోగ్రాఫర్ల కష్టం ఫొటోగ్రాఫర్‌కే తెలియాలి మరి! గండి ఆంజనేయస్వామి సన్నిధిలో పెళ్లి తీసిన స్టూడియో వాళ్లనే తీసుకోండి. 64 జీబీ కార్డులు రెండు, మొత్తం 128 జీబీ. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. డబ్బు కట్టి చోటు కొన్నా, సెకనుకు 10 మెగాబిట్ల అప్‌లోడ్ వేగంతో ఎక్కించడానికి 28 గంటలు పడుతుంది, అదీ మధ్యలో కరెంటు పోకుంటే. సెకనుకు 100 ఎంబీ రాసే ఎక్స్‌టర్నల్ డిస్కుకైతే 21 నిమిషాలు చాలు. కాబట్టి మన ఊళ్లలో పెద్ద ఫైళ్లకు రెండు డిస్కులే దిక్కు: ఒకటి షాపులో, ఒకటి ఇంట్లో. ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం, మార్కుల జాబితాల స్కాన్‌లకు మాత్రం ఆ 15 జీబీ ధారాళంగా సరిపోతుంది.

కాపీ అయ్యాక డిస్కు పీకేయండి. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై అనే వైరస్ మన రాష్ట్రంలో చిత్తూరు, కృష్ణా, గుంటూరు తదితర జిల్లాల పోలీసు కంప్యూటర్లకూ సోకింది. అది 300 డాలర్లు అడగడమే కాదు, తగిలించి ఉన్న డిస్కుల్లోని ఫైళ్లకూ తాళం వేసేది, విండోస్ తనంతట తాను దాచుకునే పాత ప్రతులనూ చెరిపేసేది. దాన్ని ఆపే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చి 14న ఇచ్చింది.

ఇక యంత్రం సంగతి. కంప్యూటర్ బాగా నడుస్తున్నప్పుడే కనీసం 16 జీబీ పెన్‌డ్రైవ్‌లో రికవరీ డ్రైవ్ చేసి పెట్టుకోవాలి. అది విండోస్‌ను లేపుతుంది, మీ ఫైళ్లను దాచదు. క్రౌడ్‌స్ట్రయిక్ నాడు చాలా చోట్ల సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఒక్క ఫైలు తీసేస్తే సరిపోయింది. కానీ డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఉన్న కంప్యూటర్లు ముందు 48 అంకెల రికవరీ కీ అడిగాయి. ఇప్పటి కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ఈ తాళం మనకు తెలియకుండానే పడి ఉంటుంది. కీ సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. ల్యాప్‌టాప్ ఇంకా పనిచేస్తుండగానే ఆ 48 అంకెలూ కాగితం మీద రాసి, బీరువాలో పెట్టుకోండి.