పచ్చ రెమ్మను ఉపేక్షించకండి

ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో మా ఇంటి తూర్పు గోడ మీద పాకే ఐవీ పేరు ‘గోల్డ్‌హార్ట్’. ఆకు అంచు ముదురు పచ్చ, నడుమ పసుపు, లేత కాడ ఎరుపు. చలికాలంలో చెట్లన్నీ ఆకు రాల్చి మోడుగా నిలబడ్డప్పుడు ఈ గోడ ఒక్కటే కళకళలాడుతుంది. పక్కింటి పెద్దావిడ ఇచ్చిన రెమ్మతోనే ఇదంతా మొదలైంది. రంగు బాగా తేలిన రెమ్మను ఎంచి, కణుపు కింద కోసి, నీళ్లలో నిలబెడితే కొన్ని వారాల్లో వేళ్లు వస్తాయి.

అయితే ఆ రంగు తనంతట తాను నిలవదు. ఆకులో పసుపు, తెలుపు ఉన్నచోట పత్రహరితం ఉండదు, ఆహారం తయారుకాదు. మిగిలిన పచ్చభాగమే తీగనంతా పోషించాలి. అందుకే రంగు ఐవీ మామూలు ఐవీకన్నా నిదానంగా సాగుతుంది. ఎప్పుడో ఓ కణుపులోంచి నిండు పచ్చ రెమ్మ పుట్టుకొస్తుంది. దాని జోరు ఎక్కువ. వదిలేస్తే రంగు తీగను అణిచేసి గోడంతా అదే పరుచుకుంటుంది. కనబడగానే పుట్టినచోటికంటా కోసెయ్యాలి. కొస తుంచి ఊరుకుంటే కింది కణుపుల్లోంచి మళ్లీ పచ్చవే లేస్తాయి. తెలుపు చారల మనీప్లాంట్ పెంచేవాళ్లకు ఈ బెడద తెలిసిందే.

గోడ ఇటుకల మధ్య సున్నం రాలుతుంటే మాత్రం ఐవీని ఎక్కించకండి. ముదిరి పైకి చేరిన తీగ సెప్టెంబరు నుంచి నవంబరు దాకా పూస్తుంది. మిగతా పూలు అడుగంటే ఆ రోజుల్లో తేనెటీగలకు అదే ఆధారం కనుక, పూత అయ్యేదాకా నేను కత్తెర పట్టను.

కుండీకైతే ‘గ్లేసియర్’ మేలు. బూడిదరంగు కలిసిన పచ్చ ఆకు, తెల్లటి అంచు. నీరు ఇంకిపోయే మట్టి, వెలుతురు బాగా ఉండి ఎండ నేరుగా తగలని చోటు కావాలి. చీకట్లో పెడితే తెలుపు తగ్గిపోతుంది. హీటర్ వేసిన గదిలో గాలి పొడిబారి ఎర్రనల్లి పడుతుంది. ఆకు తిరగేసి చూడండి: సన్నని బూజు, కదిలే చుక్కలు కనిపిస్తాయి. కుండీని పక్కకు వంచి ఆకుల అడుగును కుళాయి ధారతో కడిగి, చల్లటి చోటికి మార్చండి.

ఐవీ రసం కొందరికి చర్మంపై దద్దుర్లు తెస్తుంది, చేతొడుగులు తప్పనిసరి. కాయలు విషం, పిల్లల్ని దూరంగా ఉంచండి. అమెరికాలోని ఆరెగాన్‌లో ఇంగ్లిష్ ఐవీ అడవుల్లోకి పాకి చెట్లను కమ్మేస్తున్నందున 2010 నుంచి అమ్మకమే నిషిద్ధం. అక్కడి మనవాళ్లు దీని జోలికి పోవద్దు. హైదరాబాద్, విజయవాడ ఎండలకు ఐవీ నిలదొక్కుకోవడం కష్టం. అక్కడివాళ్లు తెలుపు చారల మనీప్లాంట్‌నే పెంచుకోండి, పచ్చ రెమ్మ కనిపిస్తే మాత్రం కత్తెర తీయండి.