మోటారు రవాణాలో ఫోము దిమ్మెల వాడకము

వరి పొట్ట దశలో ఉన్నపుడు బోరు మోటారు ఆగిపోయినచో రైతు సోదరులకు కంటిపై కునుకుండదు. మోటారును పైకి తీయించి, పట్టణములో వైండింగు చేయించి, అడిగినంత చెల్లించి ఇంటికి తెచ్చుకొందురు. దింపిన రెండవ నాడే అది మరల మొరాయించినచో మెకానిక్కును తప్పు పట్టుట పరిపాటి. కాని కొన్ని సమయములందు దోషము మెకానిక్కుది కాదు, దారిది.

నీరు నింపెడు సబ్‌మెర్సిబుల్ మోటారులో బరువును మోయు థ్రస్టు బేరింగు ఉండును. అందలి కార్బను భాగము నునుపైనదే గాని పెళుసు. మోనోబ్లాకు పంపునకు వాడు పోత ఇనుమును అట్టిదే. బరువుకు ఓర్చును, దెబ్బకు ఓర్వదు.

ఒక లెక్క చూడుడు. 60 కిలోల మోటారు 15 సెం.మీ. ఎత్తు నుండి ట్రాలీ రేకుపై పడి 3 మి.మీ. లోపల ఆగినదనుకొందము. దానిపై సగటున సుమారు 3,000 కిలోల బరువు మోపినంత ఒత్తిడి పడును. అదే మోటారు మెత్తపై పడి 3 సెం.మీ. అణగి ఆగినచో ఒత్తిడి 360 కిలోలకు తగ్గును. బరువు ఒకటే, ఎత్తు ఒకటే. ఆగుటకు దొరికిన చోటులోనే తేడా.

ఈ చోటు నిచ్చుటకు హై డెన్సిటీ పాలీయూరిథేన్ ఫోము బాగుగ పనికివచ్చును. దీనికి మూలమైన రసాయన పద్ధతిని 1937లో జర్మనీలో ఒట్టో బేయరు బృందము కనుగొన్నది. నేడిది పరుపుల దుకాణములలో దొరకును. వరిగడ్డి దగ్గరి ప్రయాణమునకు చాలును గాని, కుదుపులకు నలిగి మరల పైకి లేవదు. ఫోము లేచును.

అయితే మెత్తనిదంతా మంచిదనుకొనరాదు. తేలికపాటి కుర్చీ ఫోము మోటారు క్రింద పూర్తిగా అణగిపోవును. అట్లు అణగినది చెక్కతో సమానము. మరీ గట్టి దిమ్మెను వెడల్పుగా పరచినచో అసలే అణగదు, దానివలనను లాభము లేదు. 10 సెం.మీ. మందము గల దిమ్మె మోటారు పెట్టగానే 1 నుండి 2 సెం.మీ. అణగినచో సరిపోయినట్లు. ఎక్కువ అణగినచో దిమ్మెలు పెంచి పైన చెక్కపలక వేయవలెను. అణగనిచో దిమ్మెను కోసి చిన్నది చేయవలెను.

కొనునపుడు తూచి చూడుడు. ఘనపు మీటరుకు 40 కిలోల సాంద్రత గల ఫోము 30 సెం.మీ. పొడవు, 30 సెం.మీ. వెడల్పు, 10 సెం.మీ. మందమున 360 గ్రాములు తూగును. సుద్దపొడి కలిపి బరువు పెంచు రకములును కలవు. కనుక తూకముతో పాటు చేతితో గట్టిగా నొక్కి, వెంటనే లేచునో లేదో చూడవలెను. ముక్కలను జిగురుతో అదిమిన రీబాండెడ్ ఫోము ఇంకను బరువైనది. మోటారులకు అదియే మేలని మా అభిప్రాయము.

పొడవైన పంపును రెండు కొసలపై మాత్రమే ఆనించరాదు, నడుము వంగును. క్రింద పలక, పలక క్రింద ఫోము ఉండవలెను. బ్రేకు వేసినపుడు జారకుండ ముందు వైపునను ఒక దిమ్మె పెట్టవలెను. త్రాడు మోటారును కదలనీయకుండిన చాలును. ఫోము నలిగిపోవునంతగా బిగించరాదు. కేబులు పట్టి లాగరాదు.

కొందరు నడుచు మోనోబ్లాకు క్రిందను ఫోము వేయుచున్నారు. అది తగదు. పంపు ఊగి పైపుల అతుకులు వదులగును; అచ్చట కాంక్రీటు దిమ్మె, బోల్టులే ఉండవలెను.

ఫోము ఎండకు పసుపెక్కి పొడియగును, నీరు పీల్చును, ఎలుకలు కొరుకును. అంటుకొన్నచో దాని పొగ ప్రాణాంతకము. వెల్డింగు చేయుచోట, పొయ్యి దగ్గర ఉంచరాదు.

మోటారు ఇల్లు చేరిన పిదప షాఫ్టును చేతితో త్రిప్పి చూడుడు. పట్టుచున్నట్లు తోచినచో బోరులో దింపక ముందే మెకానిక్కునకు చూపుడు. తేలికగా తిరిగినచో శుభ్రమైన నీరు నింపి, బుడగలు పోయిన తరువాత మూత బిగించి దింపవలెను.