నాయన బుల్లెట్టుకు కొత్త బ్రేకు

బ్యాంకులో అప్పుల ఫైళ్లు తిరగేసే మనిషికి మోటారుసైకిలు బ్రేకుల గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. నిజమే, నేను చదివింది బి.కాం. అయితే కిందటేడు మా ఇంట్లో జరిగిన ఒక సంగతి నన్ను ఈ చదువు కూడా చదివించింది.

హోసూరులో మా ఇంటి వరండాలో 1984 నాటి బుల్లెట్టు ఒకటి ఉంది. మా నాయన కొన్నది. నేను బండి నేర్చుకున్నది దాని మీదే. ఇప్పుడు మా అమ్మాయికి దాని మీద మనసైంది. ఒక ఆదివారం రాయకోట రోడ్డులో పోతుంటే, టమాటా బుట్టల టెంపో ఒకటి పక్క దారిలోంచి అడ్డం వచ్చింది. అమ్మాయి కుడికాలు గట్టిగా తొక్కింది. ఆ కాలపు బుల్లెట్టుకు కుడికాలి కింద ఉండేది గేరు, బ్రేకు ఎడమకాలికి. ఇక మిగిలింది చేతి బ్రేకు. పిడికిలి బిగించినా బండి పోతూనే ఉండి, టెంపోకు జానెడు దూరంలో నిలిచింది.

"నాయనా, బ్రేకు పట్టినాను, అది వినలేదు" అని ఆ సాయంత్రం ఒకే మాట పదిసార్లు చెప్పింది.

ముందు బ్రేకు పడితే పల్టీ కొడతామని మనలో చాలామందికి భయం. నాకూ ఉండేది. కానీ బండి వేగం తగ్గేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి ఒరుగుతుంది, వెనక చక్రం తేలికవుతుంది. కాబట్టి ఆపే పనిలో పెద్ద వాటా ముందు బ్రేకుదే. అదీ కాక, కాళ్ల కింద ఏది ఎటున్నా, చేతి బ్రేకు మాత్రం ఏ బండికైనా కుడిచేతికే ఉంటుంది.

మా మేస్త్రీ చక్రం ఊడదీసి చూపించాడు. డ్రమ్ములో రెండు షూలు. వాటిలో ఒకదాన్ని తిరిగే డ్రమ్మే తనలోకి లాక్కుంటుంది, పట్టు పెరుగుతుంది. దీన్ని లీడింగ్ షూ అంటారు. రెండోదాన్ని డ్రమ్ము వెనక్కి నెడుతుంది. అంటే జీతం ఇద్దరికీ, పని ఎక్కువ చేసేది ఒక్కడే!

"కొత్తది కొనేముందు ఉన్నదాన్ని బాగుచేద్దాం సార్" అన్నాడాయన. డ్రమ్మును లేతు మీద చదును చేయించి, షూలు, కేబులు మార్చాడు. చక్రం బిగించేటప్పుడు ఇరుసు నట్టు వదులుగా ఉంచి, బ్రేకు గట్టిగా పట్టి ఉంచమని, అప్పుడు నట్టు బిగించాడు. షూలు డ్రమ్ము నడిమధ్య కూర్చోవడానికట. కానీ ఖర్చు లేని ఈ పని ఎంతమంది చేస్తారో! డ్రమ్ములోని పొడిని మాత్రం నోటితో ఊదనివ్వలేదు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, ఊపిరితిత్తులకు చేటు.

బ్రేకు మెరుగైంది, కానీ చాలలేదు. 160 కిలోలు దాటిన బండి అది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. మన ముందుపోయే బండి చటుక్కున ఆగుతుంది, వెనక మనది?

డిస్కు బ్రేకు పెడదామన్నాను. దానికి డిస్కు బిగించే హబ్బు, క్యాలిపరు పట్టే ఫోర్కు కాలు, హ్యాండిలు మీద మాస్టర్ సిలిండరు కావాలి. అంటే ముందు భాగమంతా మార్చినట్టే. పట్టు బాగుంటుంది, కాదనను. కానీ నాయన బండి ముఖం మారిపోతుంది. తర్వాతి బుల్లెట్లకు కంపెనీవాళ్లే రెండు షూలూ లీడింగ్‌గా పనిచేసే డ్రమ్ము ఇచ్చారు. అదే మేలనిపించింది. బెంగళూరు జె.సి. రోడ్డులో రెండు శనివారాలు తిరిగి చక్రం, బ్రేకు ప్లేటు, కేబులు సంపాదించాను.

రెండు షూలనూ కలిపే కడ్డీని సరిచేయడానికే మేస్త్రీకి ఒక పూట పట్టింది. రెండూ ఒకేసారి డ్రమ్మును తాకాలి. ఒకటి ముందు తాకితే డబ్బు దండగ. ప్లేటు తిరిగిపోకుండా ఫోర్కుకు సరిగ్గా ఆనిందా లేదా అని మూడుసార్లు చూశాడు. ఈ బ్రేకుకు ఒక లోపం ఉంది. ఎత్తు మీద ఆగినప్పుడు బండి వెనక్కి జారబోతే, రెండు షూలకూ పట్టు తగ్గుతుంది. అక్కడ ఎడమకాలి బ్రేకే దిక్కు. మార్పు సంగతి బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేశాను. బ్యాంకు బుద్ధి!

మా వీధి చివర మైదానంలో సుద్దగీత గీసి, 40 కిలోమీటర్ల వేగంతో వచ్చి గీత దగ్గర ముందు బ్రేకు మాత్రమే పట్టి చూశాను. పాత బ్రేకుతో 21 అంగలు, ఇప్పుడు 14. తర్వాత అమ్మాయి చేత ఖాళీ మైదానంలో నెలరోజులు సాధన చేయించాను, కుడికాలు గేరుకని గుర్తుండేదాకా.

నాయనకు మొదట ఇష్టం లేదు. "ముప్పై ఏండ్లు తిరిగినాను దీని మీద, ఏం తక్కువైందిరా దీనికి?" అన్నాడు. చక్రం మారిన రోజు కుర్చీలోంచి లేచి వచ్చి, లివరు రెండుసార్లు నొక్కి చూశాడు.

"పాతది పారేయలేదు కదా?"

"అటక మీద పెట్టినాను నాయనా."

"తుప్పు పడుతుంది. నూనె పూసి గుడ్డలో చుట్టు" అని లోపలికి వెళ్లిపోయాడు.