ఇంటిల్లిపాదీ చూసే సినిమా, చదివే పుస్తకం: ఎంపిక ఎలా?

బీదర్ జిల్లా ధన్నూర వంటి గ్రామంలో ఒక క్రైస్తవ కుటుంబం సాయంకాలం ఎలా గడుస్తుందో ఊహించడం కష్టం కాదు. ఇంట్లో మాట తెలుగు, బడిలో పాఠం కన్నడం, సంతలో బేరం దక్కనీలోనో మరాఠీలోనో. కుటుంబ ప్రార్థన ముగిసిన కొద్దిసేపటికి టీవీలో సినిమా మొదలవుతుంది. పెద్దల మధ్య ఆరేళ్ల పాప కూడా కూర్చుని ఉంటుంది. కత్తి తీసే దృశ్యం రాగానే "కళ్లు మూసుకో" అంటుంది తల్లి. పాప కళ్లు మూసుకుంటుంది. చెవులు మాత్రం తెరిచే ఉంటాయి. ఆ రాత్రి పాపకు నిద్ర పట్టదు. ఎందుకో ఎవరికీ చెప్పదు.

1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు పాత బీదర్ జిల్లా మూడు ముక్కలైంది. జహీరాబాదు, నారాయణఖేడ్ ఆంధ్రప్రదేశ్‌కు, ఉద్గీర్ వైపు ప్రాంతం బొంబాయి రాష్ట్రానికి, బీదర్, భాల్కీ, హుమ్నాబాద్ మైసూరు రాష్ట్రానికి చేరాయి. సరిహద్దు గీత పడినా పాటలు, సినిమాలు, కథలు ఆ గీత దగ్గర ఆగలేదు. నాలుగు భాషల వినోదం ఒకేసారి ఇంట్లోకి వచ్చే ఈ ప్రాంతంలో ఏది బిడ్డకు మేలు, ఏది కీడు అని నిర్ణయించే భారం తల్లిదండ్రులదే.

రెండు తప్పుదారులు

మొదటిది పూర్తి నిషేధం. సినిమా చూడడమే పాపమన్న బోధ ఎన్నో సంఘాలలో చాలాకాలం వినిపించింది. సినిమా హాలు పట్టణంలో ఉన్న కాలంలో ఆ నియమాన్ని పాటించడం సులభమే. ఇప్పుడు ఆ హాలు అరచేతిలోకి వచ్చింది. తన స్వేచ్ఛకు అడ్డు వచ్చిందని మనిషి భావించినప్పుడు నిషేధింపబడిన వస్తువుపైనే అతని ఆకర్షణ పెరుగుతుందని మనస్తత్వవేత్త జాక్ బ్రెమ్ 1966లో సిద్ధాంతీకరించారు. కారణం చెప్పకుండా "వద్దు" అన్న ఇంటిలో పిల్లలు చూడడం మానకపోవచ్చు, చూసినది చెప్పడం మాత్రం మానేస్తారు.

రెండవది పూర్తి ఉదాసీనత. "చిన్నపిల్ల, దానికేం తెలుస్తుంది" అనే మాట దీనికి గుర్తు. అర్థం తెలియని వయసులోనూ భయం తెలుస్తుంది, అనుకరణ తెలుస్తుంది. అర్థం తెలియకపోవడమే భయాన్ని పెంచుతుంది.

వాక్యం చూపే కొలబద్ద

ఫిలిప్పీ సంఘానికి వ్రాసిన పత్రిక 4వ అధ్యాయం 8వ వచనంలో అపొస్తలుడైన పౌలు సత్యము, న్యాయము, పవిత్రత మొదలైన గుణాలు గల వాటిపై మనస్సు నిలపాలని బోధించాడు. చాలామంది దీనిని చెడు కనిపించే ప్రతి కథనూ విసర్జించమన్న ఆజ్ఞగా గ్రహిస్తారు. అయితే ఆ పట్టికలో మొదటిది సత్యము. లోకంలో చెడు ఉన్నదన్నదీ సత్యమే.

పరిశుద్ధ గ్రంథం స్వయంగా చెడును దాచలేదు. మంచి సమరయుని ఉపమానం దోపిడితో, రక్తంతో మొదలవుతుంది. దావీదు పాపాన్ని గ్రంథం కప్పిపుచ్చలేదు. అయితే ఆ పాపాన్ని రుచికరంగానూ వర్ణించలేదు. దాని ఫలితాన్ని, కన్నీటిని, పశ్చాత్తాపాన్ని చివరివరకు చూపింది. కావున విచారించవలసిన ప్రశ్న "ఇందులో పాపం ఉన్నదా?" అన్నది కాదు. "ఇందులో పాపం ఏ రంగులో కనబడుతున్నది?" అన్నది.

దానియేలు ఉదాహరణ కూడా గమనింపదగినది. బబులోనులో అతడు కల్దీయుల భాషను, విద్యను అభ్యసించాడు. రాజు భోజనాన్ని మాత్రం నిరాకరించాడు. పరాయి సంస్కృతిలో ఉన్నదంతా త్రోసివేయలేదు, అంతా మింగనూ లేదు. ఏది స్వీకరించాలో, ఏది వదలాలో ముందే నిశ్చయించుకున్నాడు. ఈ వివేచననే పిల్లలకు నేర్పవలసి ఉన్నది.

కథకు ఎంత బలమున్నదో నాతాను ప్రవక్త సంఘటన తెలుపుతుంది. దావీదును నేరుగా గద్దిస్తే అతడు వాదించి ఉండేవాడేమో. ప్రవక్త ఒక పేదవాని గొఱ్ఱెపిల్ల కథ చెప్పాడు. రాజు ఆ కథలో లీనమై, తీర్పు తానే చెప్పి, ఆ తీర్పు తనకే తగిలిందని గ్రహించాడు. కథలో లీనమైన మనస్సు ఎదురువాదం మరచి, కథలోని విలువలను సులభంగా స్వీకరిస్తుందని 2000లో మెలనీ గ్రీన్, తిమోతీ బ్రాక్ అనే పరిశోధకులు ప్రయోగాల ద్వారా చూపారు. మంచి కథ మంచిని నాటే దారి అదే, చెడ్డ కథ చెడును నాటే దారీ అదే.

మనస్తత్వ శాస్త్రం చెప్పేది

1961లో ఆల్బర్ట్ బండూరా స్టాన్‌ఫర్డ్‌లో 72 మంది చిన్నపిల్లలతో ప్రయోగం చేశారు. గాలి నింపిన బొమ్మను పెద్దవారు కొట్టడం చూసిన పిల్లలు తామూ అదే విధంగా కొట్టారు. కొట్టడాన్ని తెరపై చూసినా అనుకరణ జరుగుతుందని 1963 ప్రయోగంలో తేలింది. 1965 నాటి ప్రయోగం తల్లిదండ్రులకు మరింత ముఖ్యమైనది. కొట్టినవానికి శిక్ష పడడం చూసిన పిల్లలు తక్కువగా అనుకరించారు. కానీ చూసినది చేసి చూపితే బహుమానం ఇస్తామనగానే వారూ చేసి చూపగలిగారు. అనగా శిక్ష చూసినవారు కూడా ఆ పనిని నేర్చుకున్నారు, బయటకు తీయలేదు, అంతే.

నేటి సినిమాలలో వందమందిని నరికే వ్యక్తి తరచుగా దుష్టుడు కాడు, కథానాయకుడు. అతనికి దక్కేది శిక్ష కాదు, ఈలలు, పూలదండలు. ఈ తేడా పిల్లల మనస్సుకు చేరుతుంది. అయితే ఒక్క సినిమా చూసినంత మాత్రాన బిడ్డ హింసాపరుడౌతాడని ఈ ప్రయోగాలు నిరూపించలేదు. ఇంటి వాతావరణం, స్నేహితులు, పెద్దల నడవడి కూడా అంత బలమైనవే. తండ్రి తల్లిపై చేయి చేసుకునే ఇంటిలో సినిమాను మాత్రమే నిందించడం న్యాయం కాదు.

వయస్సు మరొక ముఖ్యాంశం. సుమారు ఏడేళ్లలోపు పిల్లలు ఆకారాన్ని చూసి భయపడతారని, పెద్దపిల్లలు జరగబోయే అపాయాన్ని ఊహించి భయపడతారని జోన్ కాంటర్ పరిశోధనలు తెలిపాయి. ఒక అమెరికన్ టీవీ ధారావాహికలో మంచివాడైన నాయకుడు ఆకుపచ్చని భారీకాయుడిగా మారే దృశ్యానికి చిన్నపిల్లలు జడుసుకున్నారు. అతడు మేలు చేయడానికే వస్తున్నాడన్న సంగతి వారికి ఊరట కలిగించలేదు. నాలుగేళ్ల బిడ్డకు "అదంతా నటన" అన్న వివరణ సరిపోదు. తెర ఆపి ఒడిలోకి తీసుకోవడమే తగిన మందు. రెండేళ్లలోపు పిల్లలకు తెర అసలు తగదని, రెండు నుండి నాలుగేళ్ల వారికి రోజుకు గంట మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది.

ధ్రువపత్రం ఎంతవరకు?

1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం ప్రతి సినిమాకు ధ్రువపత్రం ఉండాలి. 'యు' అందరికీ, 'ఏ' పెద్దలకు మాత్రమే. 1983లో 'యు/ఏ' తరగతి చేరింది. 2023 నాటి చట్ట సవరణతో అది మూడుగా విభజింపబడింది: ఏడేళ్లు పైబడినవారికి, పదమూడేళ్లు పైబడినవారికి, పదహారేళ్లు పైబడినవారికి. ఇంటర్నెట్ ద్వారా వచ్చే చిత్రాలకు 2021 నియమాలు ఇటువంటి వయోవిభజననే విధించాయి. పదమూడేళ్లు, ఆపై తరగతుల చిత్రాలకు తల్లిదండ్రులు తాళం వేసుకునే ఏర్పాటు ఉండాలని కూడా ఆ నియమాలు చెబుతున్నాయి. ఈ సదుపాయం ఉన్నదని తెలియని ఇళ్లు అనేకం. ఫోను కొన్ననాడే దానిని అమర్చుకోవడం మంచిది.

అయితే ధ్రువపత్రం వయస్సును చెబుతుంది, విలువను చెప్పదు. 'యు' పొందిన చిత్రంలో కూడా నల్లని రంగును, లావుపాటి శరీరాన్ని, నత్తిని, ఇంటి పనిమనిషిని ఎగతాళి చేసే హాస్యం ఉండవచ్చు. దేవుని స్వరూపంలో సృజింపబడిన మనిషిని హేళన చేయడం క్రైస్తవ దృష్టిలో చిన్న తప్పు కాదు. ఆ హేళనకు గురైన బిడ్డ అదే గదిలో కూర్చుని ఉండవచ్చు.

భక్తి చిత్రమైనంత మాత్రాన

1978లో ఎ. భీమ్‌సింగ్ దర్శకత్వంలో, విజయచందర్ యేసుక్రీస్తుగా నటించిన 'కరుణామయుడు' తెలుగు ఇళ్లలో నిలిచిపోయిన చిత్రం. హిందీలో 'దయాసాగర్'గా మారి, సంచార ప్రదర్శనల ద్వారా దేశంలోని ఎన్నో గ్రామాలకు చేరింది. ఇటువంటి చిత్రాన్ని కుటుంబమంతా చూడడం మేలే. అయినా సిలువ దృశ్యం సిలువ దృశ్యమే. కొరడా దెబ్బలు, మేకులు చిన్నబిడ్డకు భక్తికంటె ముందు భయాన్ని కలిగించవచ్చు. 2004 నాటి 'ది ప్యాషన్ ఆఫ్ ది క్రైస్ట్' చిత్రాన్ని అమెరికాలో పదిహేడేళ్లలోపువారు పెద్దలు తోడు లేకుండా చూడరాదని వర్గీకరించారు. శుభశుక్రవారం సాయంత్రం పసిపిల్లలను ముందు వరుసలో కూర్చోబెట్టి దానిని ప్రదర్శించడం వివేకం కాదు. పసివారికి యేసు చిన్నబిడ్డలను ఆశీర్వదించిన ఘట్టం, తుఫానును అణచిన ఘట్టం చాలు. సిలువ కథ చెప్పినప్పుడు ఖాళీ సమాధి వరకు ఒకే కూర్చున్నపాటున చెప్పాలి. దుఃఖం దగ్గర ఆపి బిడ్డను నిద్రకు పంపరాదు.

ఇదే నియమం పుస్తకాలకు వర్తిస్తుంది. నరకాగ్ని, అంత్యదినాల శిక్షలు వర్ణించే కరపత్రాలు పెద్దల కోసం వ్రాసినవి. ఆరేళ్ల మనస్సులో అవి దేవుని పట్ల ప్రేమకు మారుగా దిగులును నింపుతాయి. అలాగే ఇరుగుపొరుగువారి విశ్వాసాన్ని దూషించే పుస్తకం ఏ ప్రచురణకర్త అచ్చువేసినదైనా పక్కన పెట్టవలసినదే. లింగాయతుల ఇల్లు, ముస్లింల ఇల్లు, క్రైస్తవుల ఇల్లు ఒకే వీధిలో ఉండే ప్రాంతంలో పొరుగువానిని ప్రేమించమన్న ఆజ్ఞకు అదే మొదటి పరీక్ష.

పుస్తకం చేసే మేలు

తెర చిత్రాన్ని సిద్ధంగా వడ్డిస్తుంది. పుస్తకం చదివే బిడ్డ ఆ చిత్రాన్ని తన శక్తి మేరకు తానే నిర్మించుకుంటుంది, భయం వేస్తే ఆగుతుంది, పుట మూస్తుంది. ఒడిలో కూర్చోబెట్టుకుని, మధ్యమధ్య ప్రశ్నలు అడుగుతూ చదివి వినిపిస్తే భాషాశక్తి పెరుగుతుందని 1988 నుండి వచ్చిన పరిశోధనలు చెబుతున్నాయి. అక్షరం రాని తల్లి సైతం బొమ్మలు చూపి కథ చెప్పవచ్చు.

ఎంచుకోదగినవి తక్కువేమీ కాదు. జాన్ బన్యన్ 1678లో ప్రకటించిన 'యాత్రికుని ప్రయాణము' తెలుగులో లభిస్తుంది. పదేళ్లు దాటిన పిల్లలకు విడమరచి చెబుతూ చదవవచ్చు. 1964లో సాహిత్య అకాడెమీ పురస్కారం పొందిన గుఱ్ఱం జాషువ 'క్రీస్తు చరిత్ర' పెద్దపిల్లలకు పద్యం రుచిని, సువార్త కథను కలిపి అందిస్తుంది. జపానుకు చెందిన టొట్టొచాన్ కథ 'రైలుబడి'గా తెలుగులోకి వచ్చింది. అల్లరి పిల్లను అర్థం చేసుకున్న గురువు కథ అది. సరిహద్దు పిల్లలకు మరొక భాగ్యమున్నది. బడిలో విన్న కువెంపు 'కిందరిజోగి'ని ఇంట్లో తెలుగులో చెప్పుకోవచ్చు. సానే గురూజీ మరాఠీలో వ్రాసిన 'శ్యామ్‌చీ ఆయీ' తల్లి బిడ్డకు విలువలు నేర్పిన తీరును చెబుతుంది. దాని ఆధారంగా 1953లో ఆచార్య అత్రే తీసిన చిత్రం తొలి జాతీయ పురస్కారాలలో స్వర్ణపతకం పొందింది.

సినిమాలలో 2007 నాటి 'తారే జమీన్ పర్' చదువు రాని పిల్లవాడు సోమరి కాడని తండ్రులకు తెలుపుతుంది. 1997 నాటి ఇరాన్ చిత్రం 'చిల్డ్రన్ ఆఫ్ హెవెన్' ఒక్క జత బూట్లను పంచుకునే అన్నాచెల్లెళ్ల కథ. 2015 నాటి 'ఇన్‌సైడ్ అవుట్' దుఃఖానికి కూడా మనస్సులో చోటున్నదని చూపుతుంది. దాని రూపకల్పనలో పాల్ ఎక్‌మన్, డాకర్ కెల్ట్‌నర్ అనే మనస్తత్వవేత్తల సలహా తీసుకున్నారు. వీటిలో చాలావరకు క్రైస్తవ చిత్రాలు కావు. పౌలు ఏథెన్సులో అన్యుల కవుల మాటలను ఉదాహరించినట్లే సత్యం ఎక్కడ కనిపించినా గ్రహించవచ్చు.

చూడకముందు, చూసిన తర్వాత

ఎంపికకు ఐదు ప్రశ్నలు చాలు. ఇంట్లో అందరికంటె చిన్నబిడ్డ వయస్సుకు ఇది తగునా? కథలో గెలిచేది ఎవరు, ఏ మార్గాన గెలిచారు? బలహీనులను, స్త్రీలను, ఇతర కులమతాలవారిని ఎలా చూపారు? తప్పుకు ఫలితం కనబడుతున్నదా? ముగిసిన తర్వాత బిడ్డ మనస్సులో మిగిలేది ఆశయా, దిగులా?

చూసిన తర్వాత పదినిమిషాల మాట ఎంపికంత ముఖ్యం. "నీవైతే ఏం చేసి ఉండేవాడివి? ఎక్కడ భయం వేసింది? ఎవరిమీద జాలి కలిగింది?" అని అడగాలి. ఉపదేశం తర్వాత, వినడం ముందు.

ఎంత జాగ్రత్తపడినా ఒకనాడు బిడ్డ చూడరానిది చూస్తుంది. స్నేహితుని ఫోనులో కావచ్చు, పెద్దల అజాగ్రత్త వలన కావచ్చు. ఆ రోజు తల్లిదండ్రుల నోట వచ్చే మొదటి మాటపై చాలా ఆధారపడి ఉంటుంది. కొట్టి, తిట్టి, ఫోను లాక్కుంటే బిడ్డ నేర్చుకునే పాఠం ఒక్కటే: ఇకపై చెప్పకూడదు. తప్పిపోయిన కుమారుడు ఇంకా దూరముగా ఉండగానే తండ్రి పరుగెత్తి వెళ్లాడు. లెక్కలు ముందుగా అడగలేదు. "చెప్పావు, మంచి పని చేశావు" అన్న మాటతో మొదలుపెట్టిన ఇంటికి బిడ్డ మళ్లీ మళ్లీ తిరిగి వస్తుంది.

నిద్ర పట్టని ఆరేళ్ల పాపకు కావలసినదీ అదే. తెర ఆపిన తర్వాత ఆమె ప్రక్కన కూర్చుని, ఏమి విన్నదో అడిగి, మరొక కథ చెప్పి, ప్రార్థించి నిద్రపుచ్చే ఒక మనిషి. ఆ మనిషి ఉన్న ఇంట్లో తప్పుడు ఎంపికను కూడా సరిదిద్దుకోవచ్చు.